పొడియక్షరముల పూర్వకథ

మన గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన ఈ శుభసమయమున వెలువడు సంచికకు ఒక చరిత్రవ్యాసము వ్రాయుమని కార్యవర్గమువారు నన్ను కోరిరి. రాజుల చరిత్రను వ్రాయుటకు పండితులు కలరు. నేను గ్రామపు లెక్కలు వ్రాసి జీవించువాడను; తీరిక దొరకినపుడు ఈ గ్రంథాలయపు బల్లల మీదనే పాతపుస్తకములను చదివి నాలుగు ముక్కలు నేర్చుకొన్నవాడను. కావున నా వృత్తికి దగ్గరగానున్న చిన్నవిషయము నొకదానిని తీసికొంటిని. మాటలను కుదించి ఒకటి రెండక్షరములుగా వ్రాయుట మనలో ఎంతకాలమునుండి కలదు? అట్లు వ్రాసినవారు వాని యర్థమును చదువరికి చెప్పవలయునా, తెలిసినవారికి తెలియునని విడిచిపెట్టవచ్చునా? ఇది చిన్నప్రశ్నవలె కనబడును గాని, దీని వెనుక రైతుల భూములును, ముసలివారి కూడును కలవు.

ముందుగా మన యూరివారందరు ఎరిగిన దృష్టాంతము చెప్పెదను. ఆమదాలవలసలో రైలెక్కుటకు రిజర్వేషను టిక్కెట్టు తీసికొన్నవారు దానిపై సి.హెచ్.ఇ. అను మూడు ఆంగ్లాక్షరములను చూచియే యుందురు. ఊరిపేరు ఆమదాలవలస. స్టేషనుపేరు శ్రీకాకుళం రోడ్డు. ఈ రెండు పేర్లను ఆంగ్లమున వ్రాసి వెదకినచో ఆ మూడక్షరములలో సి గాని, హెచ్ గాని, ఇ గాని ఎక్కడను కానరాదు. మరి యవి యెక్కడివి? ఒకనాడు ఆంగ్లేయులు శ్రీకాకుళమును చికాకోల్ అని పలికి, అట్లే వ్రాసెడివారు. ఉత్తర సర్కారులలో మన ప్రాంతమునకు చికాకోల్ సర్కారనియే పేరు. మన స్టేషనును చికాకోల్ రోడ్డనిరి. ఆ పాతపేరులో ఈ మూడక్షరములును కలవు. 1950లో శ్రీకాకుళము పేర జిల్లా యేర్పడినది. చికాకోల్ అను పలుకు జనుల నోటినుండి మాసిపోయినది. సంకేతము మాత్రము టిక్కెట్టుమీద నిలిచిపోయినది. రైలువారికి దానితో పని జరుగుచునే యున్నది. ప్రయాణికునికి మాత్రము అది అర్థములేని ముద్ర. పేరు చచ్చిపోయిన తరువాత కూడ దాని పొడియక్షరములు బ్రతికియుండునని చెప్పుటకు ఇంతకంటె దగ్గరి నిదర్శనము నాకు దొరకలేదు.

ఈ యలవాటు ఆంగ్లేయులతో వచ్చినది కాదు. మా తాతగారి నాటి కవిలెకట్టలను నేను చిన్ననాట చూచితిని. తాటాకుమీద గంటముతో వ్రాయుట శ్రమతో కూడినది, ఆకు వెడల్పును స్వల్పము. కావున కరణములు పుట్టిని ‘పు’ అనియు, తూమును ‘తూ’ అనియు, కుంచమును ‘కుం’ అనియు వ్రాసెడివారు. భిన్నములకు వేరే గుర్తులుండెడివి. నిలువుగీత యొకటి యైన కాలు, రెండైన అర, మూడైన ముక్కాలు; కాలులో మరల నాలుగవవంతగు వీసమునకు అడ్డగీత. ఏమియు లేనిచోట హళ్ళి. ఒక గీత నిలువుగా నున్నదా, అడ్డముగా నున్నదా అనుదానిపై ఒక రైతు శిస్తు నాలుగింతలు పెరుగుటయో తరుగుటయో యుండెడిది. ఆ గీతల నెరిగినవాడు ఊరిలో కరణమొక్కడే. అందుచేత కరణము మాటకు ఎదురు లేకపోయెను. మా వృత్తిని గూర్చి లోకులు కట్టిన సామెతలలో తియ్యనివి తక్కువ. దానికి మూలకారణములలో ఈ గీతలును ఒకటియని నేను ఒప్పుకొనుచున్నాను.

1984లో ప్రభుత్వము కరణీకమును రద్దుచేసినది. అంతకు పూర్వమే, 1957 ఏప్రిలు 1వ తేదీనుండి దశాంశ నాణెములును, అటుపిమ్మట కిలోగ్రాము, లీటరు కొలతలును వచ్చినందున ఆ గీతలతో పని తీరెను. పాత ఖాతాలో 3-8-6 అని యున్నచో మూడు రూపాయల ఎనిమిదణాల ఆరు పైలని నేటి కుఱ్ఱవాడు గ్రహింపలేడు. అది యేదో తేదీ యనుకొనును. తెలుగు భిన్నపు గుర్తులను కంప్యూటరులకై సిద్ధపరచిన యూనికోడు అను లోకలిపుల పట్టికలో 2008లో చేర్చిరి. గుర్తులు పట్టికకెక్కినవి, సంతోషమే. కాని వానిని చదువగలవారిని వ్రేళ్ళమీద లెక్కింపవచ్చును.

ఇంకను వెనుకకు పోవుదము. మన స్టేషను దాటిన తరువాతి స్టేషను ఉర్లాము. ఆ యూరిపేర ప్రసిద్ధమైన తామ్రశాసనమొకటి కలదు. అది తూర్పుగాంగ వంశీయుడగు హస్తివర్మది. దాని కాలము 80వ సంవత్సరము. ఏ శకమున 80? ఆ రాజులకు కళింగనగరము రాజధాని. అది వంశధార యొడ్డుననున్న నేటి శ్రీముఖలింగమని పెక్కురు పండితుల యభిప్రాయము. వారు తమ వంశపు రాజ్యము వర్ధిల్లుచున్న ఇన్నవ యేడని మాత్రము వ్రాయించిరి. ఆ లెక్క ఎప్పుడు మొదలైనదో చెప్పలేదు. ఏల చెప్పవలయును? ఆనాడు కళింగదేశమున అది తెలియని లేఖకుడు లేడు, గ్రామణి లేడు. అందరికిని తెలిసినదానిని వ్రాయుట రాగిరేకును వృథాచేయుటయే యనుకొనిరి కాబోలు. కాలము గడచెను. తెలిసినవారందరును పోయిరి. ఆ శకారంభమును తెలిసికొనుటకు ఇరువదవ శతాబ్దపు పండితులు శాసనములలోని గ్రహణములను, తిథులను గణితముతో సరిచూచుచు దశాబ్దములపాటు వాదించుకొనిరి. వారి లెక్కలకు నడుమ వందల యేండ్ల యంతరములు వచ్చినవి. తుదకు క్రీ.శ. 496, 498ల నడుమ ఆ శకము మొదలైనదని పెక్కురు అంగీకరించిరి. ఒక్క వాక్యము ఆనాడు ఒక్క రేకుమీద చెక్కియుండినచో ఈ శ్రమ యంతయు తప్పియుండెడిది.

అదే వంశమున పుట్టిన అనంతవర్మ చోడగంగదేవుని పట్టాభిషేకకాలమును అతని శాసనములు మరియొక విధమున చెప్పినవి. అక్కడ అంకెలకు బదులు నంద, రంధ్ర, గ్రహ శబ్దములను వాడిరి. నందులు తొమ్మండుగురు, శరీరమున రంధ్రములు తొమ్మిది, గ్రహములు తొమ్మిది. కావున శకవర్షము 999, అనగా క్రీ.శ. 1078. ఇదియు సంకేతమే. కాని దీనిని విప్పుట పండితులకు కష్టము కాలేదు. ఏలయన ఏ శబ్దమునకు ఏ సంఖ్యయో, అంకెలను కుడినుండి యెడమకు పేర్చవలయుననియు జ్యోతిష గ్రంథములలో వివరించియున్నారు. తాళము వేసినవారు తాళపుచెవిని కూడ నలుగురికి తెలిసినచోట ఉంచిరి. ఒకే వంశపు శాసనములలో ఒక సంకేతము మనలను తొమ్మిదివందల యేండ్ల తరువాత కూడ సూటిగా సంవత్సరమునకు చేర్చినది, మరియొకటి చీకటిలో త్రిప్పినది. భేదమంతయు ఆ తాళపుచెవిలోనే యున్నది.

ఆ ముఖలింగపు సమీపమున పర్వతాలపేటలో 1863లో జన్మించిన గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారిని ఇచ్చట స్మరింపకుండరాదు. వారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా నుండి, గురువు లేకయే, పుస్తకముల సాయముతో శాసనలిపిని అభ్యసించి ముఖలింగ దేవాలయపు శాసనములను చదివిరి. చదువురానివానికి అందని వ్రాత యెందుకని జీవితాంతము వాదించిన మహానుభావుడు ఇట్లు శాసనముల యెదుట కూర్చుండి ఒక్కొక్క యక్షరమును విప్పుకొన్నవాడగుట తలచుకొన్నపుడు నాకు ఆశ్చర్యము కలుగదు. నావంటి పాతవాడు ఇంకను గ్రాంథికపు చాయను విడువలేకున్నను, వారి వాదములోని ధర్మమును కాదనలేడు.

కుదించి వ్రాయుటయే దోషమని నేననను. లోకమున పాణినిని మించి కుదించినవాడు లేడు. సుమారు నాలుగువేల సూత్రములలో సంస్కృత వ్యాకరణమంతయు ఇమిడ్చెను. అచ్చులన్నిటికిని ‘అచ్’ అనియు, హల్లులన్నిటికిని ‘హల్’ అనియు పేరు. అకారము మొదలుకొని చకారపు గుర్తువరకు గల వర్ణములు అచ్. హకారము మొదలుకొని లకారపు గుర్తువరకు గలవి హల్. ఇవి పొడియక్షరములే. కాని వర్ణములను పదునాలుగు సూత్రములలో ముందుగనే వరుసగా పేర్చి, ఆ వరుసనుబట్టి తన సంకేతములను ఎట్లు విప్పవలయునో చెప్పినాడు. అందుచేతనే రెండువేల యేండ్లకు పైబడినను అవి చెడలేదు. అంతేగాక, మన వీధిబడిలో పలక పట్టిన బిడ్డకూడ అచ్చులు, హల్లులు అనుచున్నది. అవి ఒకప్పటి పొడియక్షరములని ఆ బిడ్డకు తెలియదు; తెలియనక్కరయు లేదు. మన తెలుగు నిఘంటువులును ఇట్లే. దేశ్యమునకొక అక్షరము, తద్భవమునకొక అక్షరము, విశేషణమునకొక అక్షరము వాడినను, గ్రంథాదిని సంకేత వివరణమని పట్టిక నుంచినవి.

పంచాంగమున ‘శు’ అనగా శుద్ధమనియు, ‘బ’ అనగా బహుళమనియు మన పెద్దలెరుగుదురు. ఉత్తరదేశపు శాసనములలో శుక్లదినమును శుది యనియు, బహుళదినమును బది యనియు కుదించి వ్రాసిరి. కాలక్రమమున అవియే సుది, వది యను మాటలై పక్షములకు పేర్లైనవి. కొన్ని పొడియక్షరములు ఇట్లు ముదిరి మాటలగును. నేటి రాడారు అను పేరు కూడ ఆంగ్లపు మాటల తునకలను కూర్చినదే. అట్టివానిని ప్రతిచోటను విప్పి చూపుట చదువరికి విసుగు. ఈ వాదమును నేను అంగీకరించుచున్నాను.

తెలిసినవానికి మరల చెప్పుట అతని నవమానించుటయని కొందరందురు. కాగితము, కాలము వృథా యని మరికొందరందురు. వెనుక తంతివార్తకు మాటకింత యని రుసుము పుచ్చుకొనెడివారు. అందుచేత జనులు మాటలను తెగగొట్టిరి. ఆ తంతి సేవ మనదేశమున 2013 జూలైలో నిలిచిపోయినది గాని అలవాటు సెల్‌ఫోనులలోనికి వచ్చినది. ఇద్దరు స్నేహితులు తమలో తాము వ్రాసికొనునపుడు ఎట్లు కుదించుకొన్న నేమి? చిక్కెల్ల ఎవరు చదువుదురో తెలియని వ్రాతతోనే. పత్రిక, గ్రంథము, నోటీసు, దస్తావేజు, గ్రామలెక్క ఈ కోవలోనివి. అట్టి వ్రాత తన రచయితకంటె ఎక్కువకాలము బ్రతుకును.

దీనికి మన రాష్ట్రమున జరిగిన పెద్ద నిదర్శనము చుక్కల భూములు. ఆంగ్లేయుల కాలపు రీసెటిల్మెంటు రిజిస్టరులలో కొన్ని సర్వేనంబరులకెదురుగా పట్టాదారుపేరు వ్రాయవలసిన గడిలో పేరుకు బదులు చుక్కలు పెట్టిరి. ఆ చుక్కలకు అర్థమేమి? యజమాని తెలియలేదనియా, వివాదము కలదనియా, ప్రభుత్వపు భూమియనియా? కొన్ని తరములు సాగుచేసికొన్న రైతులు అమ్మబోయిన నాడు, తాకట్టు పెట్టబోయిన నాడు ఆ చుక్కలు అడ్డువచ్చినవి. ఆ భూములు రిజిస్ట్రేషను నిషేధపు జాబితాలలో చేరెను. తుదకు ఆ చుక్కల చిక్కు తీర్చుటకే 2017లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ప్రత్యేకముగా చట్టము చేయవలసివచ్చెను. 2023లో రెండు లక్షల ఎకరములకు పైగా అట్టి భూమికి విముక్తి కలిగినదని ప్రభుత్వము ప్రకటించెను. పేరు వ్రాయుటకు బదులు పెట్టిన చుక్కలను చెరుపుటకు ఇంత కాలము పట్టినది.

మన జిల్లాలో జమీందారీ గ్రామములు హెచ్చు. 1948 నాటి ఎస్టేటుల రద్దు చట్టము తరువాత సర్వే జరిపి తయారుచేసిన ఎస్.ఎఫ్.ఎ. యను రిజిస్టరే ఆ యూళ్ళకు మూలము. రైతు మా యొద్దకు వచ్చి, ‘బావూ, ఎస్పెఫ్యేలో నా తాత పేరుందా?’ అని యడుగును. అది సెటిల్మెంటు ఫెయిర్ అడంగలు అని విప్పి చెప్పినంత మాత్రమున అతనికి ఏమి తెలియును? ఫెయిర్ అనగా ఇచ్చట చిత్తుకాని శుద్ధప్రతి యనియు, ఎస్టేటు రద్దైన పిమ్మట ఏ భూమి యెవరిదని నిర్ణయించిరో అందున్నదనియు చెప్పినపుడే అతని మొగము విచ్చుకొనును. ఇటీవలి రీసర్వేలో ఎల్.పి.ఎం. నంబరులు వచ్చినవి. ల్యాండ్ పార్సెల్ మ్యాప్ అని విప్పుట సులభము. మీ కమతమునకు క్రొత్తగా ఇచ్చిన పటపు సంఖ్య యనియు, పాత సర్వేనంబరుతో దానిని పోల్చి చూచుకొనవలయుననియు చెప్పుటయే వివరణము. వెనుకటి ‘పు’ సంగతియు ఇట్టిదే. దానిని పుట్టి యని విప్పినను, ఏ ప్రాంతపు పుట్టియో చెప్పనిచో ధాన్యమెంతయో తేలదు. ఏలయన పుట్టి కొలత యూరూరికి మారెడిది. అక్షరములను విప్పుట వేరు, అర్థమును విప్పుట వేరు.

ఇక నా తప్పొకటి చెప్పి ముగింపునకు వచ్చెదను. ఉద్యోగమున చేరిన తొలినాళ్ళలో పింఛను జాబితాను ఇంటింటికి తిరిగి సరిచూచితిని. ఒక ముసలమ్మ ఇల్లు తాళము వేసియున్నది. ఖరగ్‌పూరులో రైలుపని చేయు కొడుకు నొద్దకు పోయినదని ఇరుగుపొరుగువారు చెప్పిరి. ‘ఊరిలో లేరు’ అని వ్రాయవలసినచోట, ఎండ మండుచున్నదని, ‘లే.’ అని ఒక యక్షరము గిలికి ముందుకు సాగితిని. ఆ జాబితా నా చేతినుండి మరియొకరి చేతికి పోయినది. వారు దానిని ‘లేరు’ అని చదివిరి. తెలుగులో లేరనగా ఏమగునో మీకు చెప్పనక్కరలేదు. వారి తప్పేమియు లేదు. పింఛను ఆగిపోయినది. కొన్ని నెలలకు ఆమె కఱ్ఱ పట్టుకొని నా గుమ్మము ముందుకు వచ్చి, ‘నానింకా సావనేదు బావూ; కాయితంలో ఎందుకు సంపేసినారు?’ అని యడిగినది. కోపముతో నడిగియుండిన నాకు తేలికగా నుండెడిది. ఆమె నవ్వుచు నడిగినది. తిరిగి బ్రతికించుటకు ఎన్ని కాగితములు వ్రాయవలసివచ్చినదో, ఎన్ని మారులు ఆమెను వెంటబెట్టుకొని తిరుగవలసివచ్చినదో నాకే తెలియును. ఆ నెలలలో ఆమె ఇంట పొయ్యి యెట్లు వెలిగినదో నేనడుగలేదు, ఆమె చెప్పలేదు. నేను ఆదాచేసికొన్నది ఒకటిన్నర మాట. నాటినుండి నా రిజిస్టరులలో ఎవరి పేరునకు ఎదురుగను పొడియక్షరము వ్రాయలేదు.

కావున నా కనుభవమున తోచినది మనవి చేయుచున్నాను. నలుగురు చదువు వ్రాతలో పొడియక్షరము మొదట వచ్చినచోట పూర్తిమాటను వ్రాసి, దాని పని యేమో ఒక ముక్కలో చెప్పి, పిమ్మట కుదించుకొనవచ్చును. పెద్ద గ్రంథమైన ఆదిలో పట్టిక యుంచవలయును. మాటగా మారి జనుల నోట నలిగినదానిని విడువవచ్చును. ఒకరి హక్కుగాని, కూడుగాని ఆధారపడిన కాగితమున మాత్రము పూర్తిమాటయే ఉండవలయును. తెలిసినవాడు ఆ వివరణమును దాటి చదువుకొనుటకు పట్టునది రెప్పపాటు. తెలియనివానికి అది లేకున్న వ్రాత యంతయు గోడ. నేడు బ్యాంకునుండి ఫోనుకు వచ్చు ఓ.టి.పి. అనునది ఒక్కసారి మాత్రమే పనిచేయు రహస్యసంఖ్య యనియు, అది తమ సొమ్మునకు తాళపుచెవి యనియు తెలియక అపరిచితులకు చెప్పి మోసపోవువారిని మనము చూచుచునే యున్నాము. నా యుద్యోగమునకే నేడు వి.ఆర్.ఓ. అని పేరు. గ్రామ రెవెన్యూ అధికారి యని విప్పిచెప్పినను, మన యూరి పెద్దలు నన్ను కరణంబావనియే పిలుచుచున్నారు. వారికి అర్థమగు పేరు అది.

చదువరులారా! ఈ రజతోత్సవ జ్ఞాపకార్థము మన వాచనాలయపు బల్లమీద ఒక వహీ నుంచుటకు కార్యవర్గమువారిని వేడుకొనుచున్నాను. పత్రికలో గాని, పాసుపుస్తకములో గాని, నోటీసులో గాని తెలియని పొడియక్షరము కనబడినవారు దానిని ఎడమవైపున వ్రాయుడు. తెలిసినవారు కుడివైపున దాని యర్థమును, దానితోడి పనిని తెలుగున వ్రాయుడు. మొదటిపుటను నింపు భారము నాది. స్వర్ణోత్సవము నాటికి ఆ వహీలోని మాటలు కొన్ని మాసిపోయియుండును, సి.హెచ్.ఇ. వలె వాని గుర్తులు మాత్రము మిగిలియుండును. ఆనాడు దానిని చేతబట్టిన బాలునికి మన కాలపు కాగితములు మూగవి కాకుండ నుండును గాక.

స్వస్తి.